విదేశయాత్రలో ఫ్లూ: కాలప్రాధాన్యం

కీలక పదాలు: ఇన్‌ఫ్లుయెంజా, విదేశయాత్ర, టీకా, థర్మల్ స్క్రీనింగ్, నలత.

స్వైన్ ఫ్లూగా ప్రచారం పొందిన హెచ్1ఎన్1 వ్యాధి భారతదేశంలో తొలిసారిగా బయటపడినది హైదరాబాదులోనే. అమెరికా నుండి దుబాయి మీదుగా 2009 మే 13న శంషాబాదులో దిగిన ప్రయాణికునికి ఆ వ్యాధి సోకినట్లు మే 16న నిర్ధారణ అయింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విశ్వమారిగా ప్రకటించింది.

నాటినుండి విమానాశ్రయ పరీక్షలపై మనకు నమ్మకం ఎక్కువ. అది కొంత మేరకే సమంజసం. ఫ్లూ వైరస్ సోకిన తరువాత ఒకటి నుండి నాలుగు రోజులకు గాని లక్షణాలు కనబడవు. జ్వరం రాకముందే, దాదాపు ఒక రోజు ముందునుండి, అది ఇతరులకు సోకగలదు. థర్మల్ స్క్రీనింగ్ గుర్తించేది ఒంటి వేడిమిని మాత్రమే. కైకలూరులో రాత్రి బస్సెక్కి, హైదరాబాదులో విమానమెక్కి, దోహాలో మరొకటి మారి అమెరికా చేరే ప్రయాణికునికి బస్సులోనే వ్యాధి సోకినా, ఏ పరీక్షకూ దొరకకుండా కొడుకు ఇంటికి చేరిన తరువాత జ్వరం తగలవచ్చు.

కనుక రక్షణ బయలుదేరక ముందే మొదలు కావాలి. టీకా ఫలితమివ్వడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వీసా వచ్చిన వెంటనే చేయవలసిన ఈ పనిని మనవారు సామాన్లు సర్దే రోజుకు వాయిదా వేస్తారు. అమెరికాలో ఫ్లూ ఉద్ధృతి సాధారణంగా డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు; ఆస్ట్రేలియాలో మన వర్షాకాలమే వారి ఫ్లూ కాలం. వైరస్ మారుతూ ఉండడం వల్ల టీకా కూర్పును ఏటా రెండుసార్లు, ఉత్తర దక్షిణార్ధ గోళాలకు వేర్వేరుగా, సమీక్షిస్తారు. నిరుటి టీకా చాలునన్న ధీమా పనికిరాదు. మాస్కు, చేతుల శుభ్రత అందరూ ఎరిగినవే.

అసలు చిక్కు భాషలోనూ, మొహమాటంలోనూ ఉన్నది. కోడలి పురిటికో, కూతురి పురిటికో వెళ్ళిన పెద్దలు “కాస్త నలతగా ఉందిలే” అని ఊరుకుంటారు. పరాయి దేశంలో పిల్లలకు ఖర్చు పెట్టించడం వారికి ఇష్టముండదు. ‘నలత’ తెలుగులో ఎంత సున్నితమైన మాటయో, వైద్యునికి అంత నిరుపయోగమైనది. హఠాత్తుగా వచ్చిన జ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడిదగ్గు అని విడమరిస్తేనే ఫ్లూ అనుమానం కలుగుతుంది. ఆసెల్టమివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటలలోపు పడితేనే ఎక్కువ మేలు చేస్తుంది. హైదరాబాదుకు చెందిన హెటిరో సంస్థ 2005లోనే దీని తయారీకి అనుమతి పొందింది. అయినా వైద్యుని సలహా లేకుండా వాడదగినది కాదు. అరవై అయిదేళ్ళు దాటినవారికీ, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికీ ఆ రెండు రోజుల జాప్యం న్యుమోనియాకు దారి తీయవచ్చు.

వాడుతున్న మందుల రసాయన నామాలు, మోతాదులు, పడని మందులు, టీకా వేసుకొన్న తేదీ ఆంగ్లంలో రాసిన కాగితం పాస్‌పోర్టుతోపాటు చేతిసంచిలో ఉండాలి. ఆసుపత్రిలో తెలుగు దుబాసీ కావాలని అడగడానికి సంకోచించనక్కరలేదు. తిరిగి వచ్చిన వారం రోజులలోపు జ్వరం వస్తే, ఏ దేశం నుండి వచ్చారో ఇక్కడి వైద్యునికి ముందుగా చెప్పాలి.