ఆరు నెలల గడువు

పుట్టుకతోనే వినపడని పాప కూడా ఏడుస్తుంది, నవ్వుతుంది, మొదటి నెలల్లో "ఉంగా ఉంగా" అంటూ ఊసులు చెబుతుంది. పిలిస్తే తల తిప్పినట్టే ఉంటుంది. నిజానికి మన నీడ కదలడం చూసి తిప్పి ఉండొచ్చు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. రెండేళ్ళొచ్చినా మాటలు రాకపోతే అప్పుడు చర్చ మొదలవుతుంది. అదెలా ముగుస్తుందో మనకి తెలిసిందే: "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళు దాటాకే మాటలొచ్చాయి, వీడికీ వస్తాయిలే." మా ఇంట్లోనూ ఈ మాట చాలాసార్లు విన్నాను.

ఆ "వస్తాయిలే" వల్ల ఎంత నష్టమో కొలిచి చూపించిన పరిశోధకురాలు క్రిస్టీన్ యోషినాగా-ఇటానో. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1998లో ఆవిడ బృందం ప్రచురించిన అధ్యయనంలో వినికిడి లోపం ఉన్న పిల్లలు 150 మంది. అందులో 72 మందికి లోపం ఉందని ఆరు నెలల లోపే తెలిసింది. మిగిలిన 78 మందికి ఆ తర్వాత తెలిసింది. తెలిశాక రెండు గుంపులకీ సగటున రెండు నెలల్లోపే సాయం అందింది. అయినా భాషలో మొదటి గుంపు స్పష్టంగా ముందుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతి విషయం. తెలివితేటలు మామూలుగా ఉన్న పిల్లల్లో, లోపం కొద్దిగా ఉన్నా పూర్తిగా ఉన్నా, ఇంట్లో డబ్బున్నా లేకపోయినా, మాటలు నేర్పినా సైగల భాష వాడినా, ఎలా విడదీసి చూసినా అదే తేడా కనిపించింది. అంటే, ఎంత వినపడదు అన్నదానితో పాటు ఎప్పుడు తెలిసింది అన్నదీ చూడాల్సిందే.

ఎందుకంత తొందర? పాప మాట్లాడకముందే మెదడు పని మొదలుపెట్టేస్తుంది. కెనడాలో జానెట్ వర్కర్ 1984లో ఒక ప్రయోగం గురించి రాశారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసివాళ్ళకి హిందీలోని 'ట', 'త' లాంటి శబ్దాలు వినిపించారు. మనకి 'పాట', 'పాత' మధ్య ఉన్న తేడా అదే. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో వాళ్ళు ఆ తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ పట్టు చాలావరకు పోయింది. ఇంట్లో వినపడని తేడాని మెదడు పక్కన పెట్టేసిందన్నమాట. మన బ్రాంచి భాషలో ఇది ట్రైనింగ్ డేటా. కాకపోతే డేటా లేటైతే మనం మోడల్‌ని వచ్చే వారం ట్రైన్ చేసుకుంటాం. పాప మెదడుకి ఆ వెసులుబాటు తక్కువ. ఆలస్యంగా తెలిసిన పిల్లలూ నేర్చుకుంటారు, కానీ చాలా ఎక్కువ కష్టపడాలి.

ఆ డేటా శబ్దమే అవ్వాలని లేదు. 1991లో లారా-ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్ గమనించింది ఇదే: సైగల భాష వాడే తల్లిదండ్రుల దగ్గర పెరిగే వినపడని పిల్లలు, మిగతా పిల్లలు "బాబాబా" అన్నట్టే, చేతులతో ముద్దుమాటలు ఆడారు. మెదడుకి కావాల్సింది భాష. అది చెవి ద్వారా వచ్చినా, కంటి ద్వారా వచ్చినా తీసుకుంటుంది.

మరి పసిగుడ్డుకి వినపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టిన విషయం ఇక్కడ పనికొస్తుంది. ఆరోగ్యమైన లోపలి చెవి శబ్దం విన్నప్పుడు తిరిగి సన్నటి ప్రతిధ్వని పంపిస్తుంది. పాప నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి 'టిక్ టిక్' శబ్దాలు పంపిస్తారు. అందులోని మైక్ ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ప్రతిధ్వని రాకపోతే చెవుడు ఉన్నట్టే అని కాదు. పుట్టిన కొత్తలో చెవిలో తడి ఉన్నా అలా జరుగుతుంది. అందుకే మళ్ళీ చేస్తారు.

ఇప్పుడు చాలా దేశాల్లో పాటించే లెక్క 1-3-6: ఒక నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలోనూ పుట్టుకతో వచ్చే చెవుడు ఉంది.

మన ఇళ్ళలో చాలామందికి బారసాల ఇరవై ఒకటో రోజున జరుగుతుంది. అంటే నెల గడువుకి ఇంకా వారం పైనే ఉంటుంది. మీ అక్కకో వదినకో పాప పుడితే, పేరేం పెడుతున్నారని అడిగేటప్పుడు చెవి పరీక్ష చేయించారా అని కూడా అడగండి. "శుభమా అని పాప పుడితే ఇదేం ప్రశ్నరా" అని అమ్మమ్మ కోప్పడొచ్చు. ఫర్వాలేదు, అడగండి.