బరువు తగ్గుటకు మితాహారమా? వ్యాయామమా?

ఇటీవల ఒక గ్రామ పంచాయతీ సమావేశమునకు హాజరగు అవకాశము మాకు కలిగినది. వీధిదీపములు, త్రాగునీరు మున్నగు విషయములపై చర్చ ముగిసిన పిమ్మట ఒక సభ్యుడు లేచి, పంచాయతీ ఖాళీ స్థలమున ఇనుప వ్యాయామ పరికరములు పెట్టింపవలెనని ప్రతిపాదించెను. ఊరిలో చాలమంది ఒళ్లు చేసినారనియు, ఇంటింట చక్కెర వ్యాధి, రక్తపుపోటు వినవచ్చుచున్నవనియు ఆయన కారణము చెప్పెను. వెంటనే ఒక సభ్యురాలు, "పరికరాల సంగతి తరువాత చూద్దాం లెండి, ముందు కంచంలో అన్నం తగ్గాలి" అనెను. సర్పంచి గారు నవ్వుచు, "నేను ఆరు నెలల నుంచి రోజూ కాలువ గట్టు మీద నడుస్తున్నానండీ, అరకిలో కూడా తగ్గలేదు" అని తమ అనుభవము చెప్పిరి. తుదకు అందరును మా వైపు తిరిగి, ఏది నిజమో చెప్పుమనిరి.

ఇట్టి ప్రశ్న ఆ ఒక్క గ్రామముది కాదు. పంచాయతీ నిధిలోని ప్రతి రూపాయి ఆలోచించి వెచ్చింపవలసినది గావున, ఈ విషయమును సభ్యులందరి యెదుట వివరముగా నుంచుచున్నాము.

ఇది పంచాయతీ విషయమగునా?

స్థూలకాయము పట్టణవాసుల జబ్బు, కూర్చుండి తినువారి జబ్బు అని మనము చాలకాలము అనుకొంటిమి. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ అభిప్రాయమును నిలువనీయలేదు. 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో ఉండవలసినదానికంటె అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతము, తెలంగాణలో 30.1 శాతము. దేశము మొత్తము మీద ఈ సంఖ్య 24 శాతము మాత్రమే. పురుషులలో ఆంధ్రప్రదేశ్‌లో 31.1 శాతము, తెలంగాణలో 32.3 శాతము.

కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. దుక్కి ట్రాక్టరుకు, కోత యంత్రమునకు, నీరు తోడుట మోటారుకు అప్పగించితిమి. పొలమునకు నడచి పోయిన కాళ్లు నేడు మోటారు సైకిలు మీద పోవుచున్నవి. శ్రమ తగ్గుట మంచిదే, దానిని ఎవరును తప్పుపట్టరాదు. కాని నాగలి పట్టిన నాటి అన్నపు కొలత మాత్రము కంచములో అట్లే నిలిచినది. పైగా నూనె, చక్కెర అదనముగా చేరినవి.

1992లో ఆమోదము పొందిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదకొండవ షెడ్యూలులో చేర్చినది. వానిలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము కలవు. కావున ఊరివారి నడుము కొలత పంచాయతీకి సంబంధింపని విషయము కాదు.

లెక్క ఏమి చెప్పుచున్నది?

ఆహారము వలన శరీరమునకు లభించు శక్తిని కేలరీలతో కొలుతురు. ఇది ఇంటి జమాఖర్చు వంటిది. తినునది జమ, శ్వాస, గుండె, జీర్ణక్రియ, కాయకష్టము ఇవి ఖర్చు. మిగులు బడినది కొవ్వుగా నిలువయగును. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి దాగియుండును.

70 కిలోల మనిషి ఒక గంట చురుకుగా నడచినచో, ఊరక కూర్చున్నదానికంటె సుమారు 200 కేలరీలు అదనముగా ఖర్చగును. అనగా తిండి ఏమాత్రము పెరుగకున్నచో, ఒక కిలో కరుగుటకు 38 దినములు పట్టును. ఇక రెండవ వైపు చూడుడు. ఒక పెద్ద చెంచా నూనెలో లేక నేతిలో సుమారు 120 కేలరీలు గలవు. రెండు చెంచాలతో ఆ గంట నడక ఫలము చెల్లిపోవును.

మేము సర్పంచి గారిని, నడక ముగిసిన పిమ్మట ఏమి చేయుదురని అడిగితిమి. గట్టు దిగువనున్న హోటలులో మిత్రులతో కూడి నేతి పెసరట్టు, ఉప్మా, రెండు మార్లు టీ అని ఆయన దాపరికము లేక చెప్పిరి. సభ నవ్వినది, ఆయనయు నవ్విరి. వారి నడక వృథా కాలేదు, కాని తూకపు లెక్కలో మాత్రము జమ, ఖర్చు సరిపోయినవి. వ్యాయామము వలన ఆకలి పెరుగుట, "ఇంత నడిచాం గదా" అని మరి కొంచెము తినుట మానవ సహజము.

తిండి వైపున ఇంత కష్టము లేదు. దినమునకు 75 గ్రాముల బియ్యము తగ్గించిన సుమారు 260 కేలరీలు, ఒక పెద్ద చెంచా నూనె తగ్గించిన 120, నాలుగు టీలలో రెండేసి చెంచాల చక్కెరకు బదులు ఒక్కొక్క చెంచా వేసికొన్న 80. మొత్తము 460 కేలరీలు. రెండు గంటల నడకకు మించిన ఫలమిది. అయితే శరీరము తేలికపడిన కొలది దాని ఖర్చు కూడ తగ్గును గావున, మొదటి మాసములలో కనిపించిన వేగము పిదప కనిపింపదు. అందులకు నిరాశ పడరాదు.

పరిశోధనల ఫలితములు

ఈ రెండు మార్గములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పరిశోధన ఒకటి అమెరికాలో జరిగి 2012లో ప్రకటింపబడినది. బహిష్టులు ఆగిన, అధిక బరువు గల 439 మంది స్త్రీలను నాలుగు జట్లుగా చేసి ఒక సంవత్సరము పరిశీలించిరి. మితాహారము మాత్రమే పాటించిన జట్టు బరువు 8.5 శాతము, వ్యాయామము మాత్రమే చేసిన జట్టు బరువు 2.4 శాతము, రెండును చేసిన జట్టు బరువు 10.8 శాతము తగ్గినది. ఏ మార్పును చేసికొనని జట్టులో తగ్గుదల ఒక శాతము కూడ లేదు.

దీనిని బట్టి సమాధానము స్పష్టము. తూకము దిగుటకు మాత్రమే అయినచో మితాహారమునకే పెద్ద పీట. మన సభ్యురాలి మాట నిజము. కాని విషయము ఇంతటితో ముగియలేదు.

మరి వ్యాయామమెందులకు?

తూకములో తగ్గినదంతయు కొవ్వు కాదు. తిండి మాత్రమే తగ్గించినపుడు కండ కూడ కరగును, ఎముక బలము సన్నగిల్లును. 2011లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో 107 మంది వృద్ధులను పరిశీలించిరి. మితాహారపు జట్టులో తుంటి ఎముక సాంద్రత 2.6 శాతము తగ్గగా, మితాహారముతోపాటు వ్యాయామము చేసిన జట్టులో 1.1 శాతము మాత్రమే తగ్గినది. కూర్చున్న చోటనుండి లేచుట, నడచుట వంటి పనులలో రెండును చేసినవారే అందరికంటె మిన్నగా మెరుగైరి. పడి తుంటి విరిగిన వృద్ధురాలిని మంచము పట్టించు ఇంటి కష్టము తెలిసినవారికి ఈ అంకెల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

చక్కెర వ్యాధి విషయములో వ్యాయామపు మేలు తూకముతో నిమిత్తము లేకయే కలుగును. చెన్నై కేంద్రముగా జరిగి 2006లో ఫలితములు వెలువడిన భారతీయ పరిశోధనలో, వ్యాధి అంచున నున్న 531 మందిని పరిశీలించిరి. ఆహారము, నడక అలవాటులను మార్చుకొన్నవారిలో వ్యాధి సోకుట 28.5 శాతము తగ్గినది. వారి తూకములో చెప్పుకోదగిన తగ్గుదల లేకున్నను ఈ మేలు కలుగుట విశేషము. సర్పంచి గారి ఆరు మాసముల నడక వృథా కాలేదని మేమన్నది ఇందుకే.

తగ్గిన బరువు మరల రాకుండుటకు గూడ నిత్య వ్యాయామము తోడ్పడును. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడచుటయో తత్సమానమైన శ్రమయో చేయవలెనని, వారమునకు రెండు దినములైన కండలకు బలమిచ్చు పని చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

మితాహారమనగా పస్తు కాదు

"లంఖణము పరమౌషధ"మను మాట మన యిండ్లలో కలదు. అది జ్వరము వచ్చిన నాటి మాటయే గాని, నెలల తరబడి కడుపు మాడ్చుకొమ్మని కాదు. రాత్రి భోజనము పూర్తిగా మాని బరువు తగ్గిన పలువురు, విసిగి మరల తినసాగినంతనే పూర్వపు తూకమునకు వచ్చుచున్నారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, దినమునకు 2,000 కేలరీల ఆహారమునకు ఒక నమూనా ఇచ్చినది. ధాన్యములు 250 గ్రాములు, పప్పులు లేక గ్రుడ్లు, మాంసము 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన కంచములతో పోల్చినచో భేదము తెలియును. అన్నము కొండగను, కూర నంజుడుగను తినుట మన అలవాటు. కూర, పప్పు పెంచి అన్నము తగ్గించుటయే మనకు తగిన మితాహారము.

ఒక హెచ్చరిక. అందరును బరువు తగ్గవలసినవారు కారు. పై సర్వేయందే ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతము, తెలంగాణలో 18.8 శాతము స్త్రీలు ఉండవలసినంత బరువు లేనివారని తేలినది. కూలికి పోవు బక్క తల్లికి తిండి తగ్గించుమని చెప్పుట పాపము. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు సొంతముగా పథ్యములు చేయరాదు. చక్కెర వ్యాధికి మాత్రలో, ఇన్సులినో వాడువారు వైద్యుని అడుగక భోజనము మానినచో రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఎవరు తగ్గవలెనో తెలియుటకు కొలత టేపు చాలును. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త పడవలెను. ముప్పది ఏండ్లు దాటినవారికి ఆశా కార్యకర్త ఈ కొలత తీసి వ్రాసికొనును. రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఆరోగ్య ఉపకేంద్రమునందే జరుగును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, ఖర్చు లేనిది: గ్రామసభ దినమున టేపు, తూకపు యంత్రముతో ఆరోగ్య సిబ్బందిని కూర్చుండబెట్టుట. సభ్యులే ముందుగా కొలిపించుకొన్నచో ఊరివారు సంకోచింపరు.

రెండవది, నడక దారి. చెరువు గట్టుననో, బడి ఆవరణముననో ముండ్లు కొట్టించి, రెండు దీపములు పెట్టించినచో స్త్రీలు కూడ నిర్భయముగా నడువగలరు. చీకటి దారి యున్నంత కాలము వారికి వ్యాయామము చేయుమని చెప్పుట ఉత్తమాటయే.

మూడవది, పిల్లల సంగతి. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగా గల తినుబండారములను బడి ద్వారమునకు 50 మీటర్లలోపల అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. దుకాణదారులతో స్నేహముగా మాట్లాడి దీనిని అమలు జరుపవచ్చును.

నాల్గవది, అంగన్‌వాడీ, పాఠశాల ఆవరణములలో కూరగాయల పెరడు. ఐదవది మన సమావేశములది. బజ్జీలకు, కూల్ డ్రింకులకు బదులు మజ్జిగ, ఉడికించిన సెనగలు ఇచ్చినచో చెప్పుమాటకు బలము కలుగును.

ఇవి చేసిన పిమ్మట నిధులు మిగిలినచో పరికరములు కొనవచ్చును. నడక దారి లేని ఊరిలో, దీపము లేని స్థలమున అవి తుప్పు పట్టుటకే పనికివచ్చును.

ఆనాటి సమావేశములో ఇంత వివరము చెప్పుటకు వ్యవధి లేకపోయెను. అయినను సర్పంచి గారు, "అయితే నడక మాననండీ, పెసరట్టులో నెయ్యి మానేస్తాను" అనిరి. బరువు తగ్గించునది కంచము. తగ్గిన బరువును నిలిపి, ఒంటికి సత్తువ నిచ్చునది నడక. ఊరివారికి ఈ రెండును సులభమగునట్లు చూచుట పంచాయతీ సభ్యుల చేతిలో నున్నది.