గేటు దాటాక ఎవరు మిగులుతారు?

రాజమండ్రి పేపరు మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి బయటికొచ్చిన మనిషికి ఎంతమంది తెలుసు? లెక్కపెడితే వందల్లో తేలతారు. షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర ఎదురయ్యేవాళ్లు, క్యాంటీన్లో పక్కన కూర్చునేవాళ్లు, యూనియన్ ఎన్నికల్లో కలిసి తిరిగినవాళ్లు, అవతలి వర్గంలో చేరి పలకరింపు మానేసినవాళ్లు. 1924లో మొదలైన ఆ మిల్లు యజమానులు మారుతూ వచ్చినా, ఊళ్లో తరాల తరబడి మగవాళ్లకు జీతంతోపాటు స్నేహాలనూ ఇచ్చింది. అదే మనిషిని రిటైరైన రెండేళ్లకు, "ఈ నెల మీ ఇంటికి ఎవరెవరొచ్చారండీ?" అని అడిగి చూడండి. చాలా ఇళ్లలో వినిపించేవి భార్య తరఫు పేర్లే. ఆవిడ చెల్లెలు, ఆవిడ పిన్ని కూతురు, ఆవిడతో కలిసి కార్తీక దీపాలకు వెళ్లే పక్కింటావిడ.

మగాళ్లకి కలుపుగోలుతనం తక్కువ అనేసి ఊరుకోవచ్చు. కానీ కోటిపల్లి బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు పావుగంట నిలబడ్డవారెవరూ ఆ మాట నమ్మరు. తేడా స్వభావంలో కన్నా ఆ స్నేహాలు పుట్టిన చోటులో ఉంది.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ 1981లో ఈ సంగతిని ఒక సిద్ధాంతంగా రాశారు. మనుషులు ఒకరినొకరు వెతుక్కుని స్నేహితులవడం తక్కువ. ఒక పనో, చోటో, సంఘమో వాళ్లని పదేపదే ఒక దగ్గరికి చేరుస్తుంది, దాని చుట్టూ బంధాలు అల్లుకుంటాయి. ఆ కేంద్రం పోయిన రోజున, దానిమీద తప్ప మరి దేనిమీదా ఆధారపడని బంధాలు నెమ్మదిగా జారిపోతాయి. ఎవరూ పోట్లాడుకోరు, ఎవరూ ఎవరినీ వదిలేయరు. కలిసే అవసరం ఉండదు, అంతే. ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేసిన రోజుల్లో, కాలువ నీరొక్కటే దిక్కైన చేనుకీ, గట్టున బోరు కూడా ఉన్న చేనుకీ ఎంత తేడా ఉంటుందో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. మిల్లు మనిషి స్నేహాలు చాలావరకు మొదటి రకం.

ఆయన భార్యకు అలాంటి ఒకే కేంద్రం ఎప్పుడూ లేదు. పుట్టిల్లు, అత్తిల్లు, వీధి, గుడి లేదా చర్చి, పిల్లల బడి, 1990ల నుంచి డ్వాక్రా గ్రూపు. వీటిలో ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి. పైగా ఒకే మనిషి రెండు మూడు చోట్ల ఎదురవుతుంది. గ్రూపులో పొదుపు కట్టే ఆవిడే పేరంటానికీ వస్తుంది, ఆవకాయ రోజుల్లో జాడీలు సర్దడానికీ వస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టోనీ అంటొనూచి, హిరోకో అకియామా 1987లో అమెరికన్ల మీద చేసిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. ఆడవాళ్ల సంబంధాలు విస్తారంగా, రకరకాలుగా ఉంటే, మగవాళ్లు మనసులో మాటకు ముఖ్యంగా భార్య మీదే ఆధారపడుతున్నారు.

ఇలా భార్య మీదే ఆధారపడటం ప్రమాదకరమైనది. మన ఇళ్లలో మగవాడికి సొంత అన్నదమ్ములతో రాకపోకలు కూడా తరచుగా ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. మరిదిగారి అమ్మాయి పెళ్లికి ఎంత చదివించాలో, ఆడపడుచుకి సారె ఎప్పుడు పంపాలో గుర్తుపెట్టుకునేది ఆవిడ. ఆవిడ ముందు వెళ్లిపోతే ఆయన భార్యతోపాటు సగం చుట్టరికాలనూ పోగొట్టుకుంటాడు. జీవిత భాగస్వామి పోయాక మరణం ముప్పు పెరగడం ఇద్దరిలోనూ ఉన్నా, మగవాళ్లలో మరీ ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చూపాయి. మనుషులతో బంధం ఆరోగ్యానికి సంబంధించిన విషయమని 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం గట్టిగానే నిరూపించింది. 148 అధ్యయనాలలోని మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలు కలిపి చూస్తే, బలమైన సంబంధాలున్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారికన్నా 50 శాతం ఎక్కువ.

అలాగని ఆడవాళ్లు అదృష్టవంతులనడానికి లేదు. 2017-18లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు దాటినవారినీ, వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందిని పలకరించిన 'లాసీ' సర్వే ప్రకారం, అరవై దాటిన ఆడవాళ్లలో సగానికి పైగా భర్తను పోగొట్టుకున్నవారే. మగవాళ్లలో ఐదుగురిలో నలుగురికి భార్య తోడుంది. ఒంటరిగా మిగిలే వంతు ఆమెకే ఎక్కువగా పడుతోంది. ఆమె బంధాలలో సగం చాకిరీ కూడా ఉంటుంది. పురుడు పోయాలన్నా, ఆసుపత్రిలో తోడు పడుకోవాలన్నా కబురు వచ్చేది ఆమెకే.

అసలు ఇది ఆడ, మగ తేడాయేనా? గోదావరి జిల్లాలలోనే చూస్తే కాదనిపిస్తుంది. రైతును తీసుకోండి. మగవాడే, కానీ రిటైర్‌మెంటు లేదు. చేను కొడుక్కో కౌలుకో ఇచ్చినా గట్టు మీదికి వెళ్లడం మానడు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘంలో తగవులకూ, అరుగు మీద రాజకీయాలకూ ఆయన కావలసినవాడే. బడి మేస్టారి సంగతీ అంతే. ఆయన పని స్టాఫ్ రూములో కన్నా ఊరి పిల్లలతోనే ఎక్కువ. అరవై రెండుకి దిగిపోయినా, ఏ ఊరి బస్సెక్కినా సీటిచ్చే శిష్యుడొకడుంటాడు. గేటు లోపల జరిగే ఉద్యోగం ఒక రకం, ఊరి మధ్య జరిగే ఉద్యోగం ఇంకో రకం.

ఇక కువైట్ వెళ్లిన ఆడవాళ్లు. కోనసీమ నుంచీ, ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్ట, డెల్టా ఊళ్ల నుంచీ దశాబ్దాలుగా వేలమంది గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్తున్నారు. ఆమె పంపిన డబ్బుతో డాబా లేచింది, పిల్లల పెళ్లిళ్లయ్యాయి. ఆ పెళ్లిళ్లలో కొన్నింటికి ఆమె లేదు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో గడిపి తిరిగొచ్చాక వీధిలో కొత్త కోడళ్లు ఆమెను ఎరగరు, డ్వాక్రా గ్రూపులో ఆమె పేరు లేదు, కువైట్‌లో సెలవు రోజున చర్చి దగ్గర కలిసిన స్నేహితురాళ్లు తలో ఊరివాళ్లు. నన్నడిగితే మిల్లు మనిషికి అసలైన జోడీ ఈమే. ఇద్దరికీ ఉన్నది ఒకే కేంద్రం, ఇద్దరూ దాన్ని వదిలి వచ్చినవాళ్లే. తేడా ఏమిటంటే, ఆయన చేతిలో కనీసం పీఎఫ్ ఉంది.

నరసాపురం లేసు సంగతి ఇంకో తీరు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఇంటింటి పని అయింది. 2024లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఈ ఆడవాళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే వీళ్లని వ్యాపారులూ, భర్తలూ, చివరికి వాళ్లకు వాళ్లే పనివాళ్లుగా కాక ఖాళీ సమయంలో అల్లుకునే ఇల్లాళ్లుగా చూడటం ఆమెను ఆలోచనలో పడేసింది. దారం ఇచ్చేదీ, ముక్కలు పట్టుకెళ్లేదీ ఏజెంటు. ఫ్యాక్టరీ లేదు కాబట్టి గేటు లేదు, దిగిపోయే తేదీ లేదు, సన్మానం, శాలువా లేవు. కళ్లు ఆననప్పుడు పని దానంతటదే ఆగిపోతుంది. అయితే అరుగు మీద పక్కన కూర్చుని అల్లిన మనిషి ఆ వీధిలోనే ఉంటుంది. డబ్బు దగ్గర ఘోరంగా మోసం చేసిన పనే, మనుషుల దగ్గర మిల్లుకన్నా ఎక్కువ మిగిల్చింది. నాకు ఇది మింగుడుపడని లెక్క.

ఆఫీసులకు వెళ్లిన ఆడవాళ్ల మాటేమిటి? 2019 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతుంటే, అందులో చేయి వేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. సాయంత్రం మగ సహోద్యోగి టీ తాగుతూ స్నేహం పెంచుకునే వేళకి ఈమె కూరగాయల సంచీతో ఆటో వెతుక్కుంటోంది. ఆఫీసు స్నేహానికీ తీరిక లేదు, వీధి స్నేహానికీ లేదు. రిటైరయ్యాకయినా అనుకునేలోగా అమెరికాలో కోడలికి పురుడు. డాలస్‌లో ఆరు నెలలు మనవడితో ఆవిడకు చేతినిండా పని, భర్తకు కారు నడపడం రాక కిటికీ పక్కన టీవీ.

పోయిన కేంద్రాన్ని మళ్లీ కట్టలేమా? ఆస్ట్రేలియాలో 1990లలో 'మెన్స్ షెడ్' అనే ఏర్పాటు మొదలై బ్రిటన్, ఐర్లండ్‌లకూ పాకింది. రిటైరైన మగవాళ్లు ఒక షెడ్డులో చేరి వడ్రంగమో, పాత సైకిళ్ల మరమ్మతో చేస్తారు. ఒంటరితనం గురించి మాట్లాడదాం రండి అని పిలిస్తే రానివాళ్లు, కుర్చీ కాలు బాగుచేద్దాం రండి అంటే వస్తారు. కేంద్రాన్ని మళ్లీ కట్టడం అంటే ఇదే. మన దగ్గర ఆ పని కొంతవరకు పెన్షనర్ల సంఘాలు చేస్తున్నాయి. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పిచ్చింది. ఏటా ఆ రోజున సభలు పెట్టుకుని డీఏ బకాయిల గురించి గట్టిగా మాట్లాడుకుంటారు. బకాయిలు వచ్చినా రాకపోయినా, ఏడాదిగా కనపడని మనిషి కనపడతాడు. పెన్షనరు బతికే ఉన్నట్టు రుజువు చూపడానికి 2014లో వచ్చిన డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ మోకాళ్ల నొప్పులవాళ్లకు పెద్ద సాయమే. బ్యాంకు వరండాలో పాత సెక్షన్ వాళ్లు ఎదురుపడే రోజొకటి మాత్రం దానితో పోయింది.

1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన మహిళా రిజర్వేషన్ల నాటి నుంచి పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లో చేరిన మహిళలు ఈ ఏళ్లలోనే వరసగా దిగిపోతున్నారు. సంఘం సభలో వీళ్లు ఇంకా వెనక వరసలోనే కూర్చుంటున్నారు. ట్రైనింగు నాటి టీచరమ్మలు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని కాశీకి టిక్కెట్లు తీయించుకోవడం మాత్రం ఇప్పుడు ఊరూరా వింటున్నాం. భర్తలకు వంట ఎవరు చేస్తారన్న చర్చ కూడా ఆ గ్రూపుల్లోనే నడుస్తోందట.