విమానానికి వయసెంత?

అమ్మాయి పురిటికో, మనవడి పుట్టినరోజుకో అమెరికా ప్రయాణమయ్యే తల్లులు ఇప్పుడు వీధికి ఇద్దరైనా ఉంటున్నారు. వీసా వచ్చింది, పచ్చళ్లు కట్టాం, మందులు సర్దాం. చివరికి మనసులో ఒక్క సందేహం మిగులుతుంది. "ఎక్కబోయే విమానం కొత్తదా, పాతదా?" పైకి అడిగితే పిల్లలు నవ్వుతారు. కానీ ఇది నవ్వి తోసెయ్యాల్సిన ప్రశ్న కాదండీ.

సముద్రాలు దాటే పెద్ద విమానాల్లో లోపల రెండు నడవలుంటాయి. ఈ జాతిలో మొట్టమొదటిది బోయింగ్ 747, మనం జంబోజెట్ అని పిలుచుకున్నది. 1969 ఫిబ్రవరి 9న మొదటిసారి ఎగిరింది. మరుసటి జనవరిలో పాన్ ఆమ్ కంపెనీ దాన్ని న్యూయార్క్ నుంచి లండన్‌కు ప్రయాణికులతో నడిపింది. 1971లో మన ఎయిరిండియా కూడా తెచ్చుకుంది. దాని వెనకే డి.సి.10, ట్రైస్టార్ వచ్చాయి. 1974లో ఎయిర్‌బస్ ఎ300 వచ్చింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ దాన్ని 1976లో కొన్నప్పుడు "ఎయిర్‌బస్ ఎక్కి వచ్చాం" అని చెప్పుకోవడం ఎంత గొప్పో పెద్దవాళ్లకు జ్ఞాపకముండే ఉంటుంది.

ఆ తొలి తరం విమానాల్లో చాలా భాగం తుక్కు కింద పోయాయి. మిగిలిన కొద్దివాటి కథ మాత్రం చిత్రమైనది. 1974లో ఎయిర్ కెనడా కోసం తయారైన ఒక ట్రైస్టార్ ఇప్పుడు ప్రయాణికుల్ని మోయడం లేదు, రాకెట్లను మోస్తుంది! దాని పేరు స్టార్‌గేజర్. పొట్ట కింద రాకెట్టు తగిలించుకుని నలభైవేల అడుగుల ఎత్తుకు వెళ్లి అక్కడ వదిలేస్తుంది. అక్కడినుంచి రాకెట్టు తన దారిన అంతరిక్షంలోకి పోతుంది. 1973లో పుట్టిన ఒక డి.సి.10 ఏళ్ల తరబడి సరుకులు మోసి, 2016లో ఆర్బిస్ సంస్థవారి కంటి ఆసుపత్రి అయింది. ఆపరేషన్ గది, డాక్టర్లకు పాఠాలు చెప్పే తరగతి గది అన్నీ విమానంలోనే! అమెరికా వాయుసేన దగ్గర 1970లనాటి జంబోలు నాలుగున్నాయి. యుద్ధం వస్తే ఆకాశంలోంచే ఆజ్ఞలు జారీ చెయ్యడానికి వాటిని సిద్ధంగా ఉంచుతారు.

ఏభై ఏళ్లు దాటినవి ఇంకా ఎలా ఎగురుతున్నాయంటారా? విమానం వయసును ఒక్క కాలెండరు చూసి లెక్కకట్టరు. పైన గాలి పలచన కాబట్టి, మనం ఊపిరి తీసుకోవడానికి లోపల గాలిని ఒత్తిడితో నింపుతారు. అప్పుడు విమానం ఒళ్లు బుడగలా కాస్త ఉబ్బుతుంది. కిందికి దిగాక మళ్లీ సర్దుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకటి రెండుసార్లకు ఏమీ కాదు, వంచగా వంచగా పుటుక్కున తెగుతుంది కదూ? లోహానికీ అంతే, అలసట వస్తుంది. అందుకే ఎన్నిసార్లు ఎక్కి దిగిందన్న లెక్క ముఖ్యం. 1988 ఏప్రిల్‌లో హవాయి దీవుల్లో ఒక చిన్న 737 పైకప్పు గాలిలోనే ఊడిపోయి, ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది. దాని వయసు 19 ఏళ్లే. కానీ దీవి నుంచి దీవికి గెంతుతూ అప్పటికే 89,680 సార్లు ఎగిరింది. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. ఖండాలు దాటే పెద్ద విమానం రోజుకు ఒకటి రెండుసార్లే లేస్తుంది. రాకెట్లు మోసేదైతే మరీ తక్కువ.

అంతమాత్రాన పాతదైనా ఫరవాలేదని నేననను. కొన్నేళ్లకోసారి సీట్లు, తివాచీలు, వంటగది అన్నీ ఊడదీసి, సున్నాలకు ఇల్లు ఖాళీ చేసినట్టు విమానాన్ని బోడి చేసి, కంటికి కనిపించని పగుళ్లను యంత్రాలతో వెదుకుతారు. అక్కడ ఏమరుపాటు పనికిరాదు. 1979 మే 25న షికాగోలో ఒక డి.సి.10 లేస్తూనే ఇంజను ఊడి కూలింది. 273 మంది పోయారు. ఆ విమానానికి ఏడేళ్లే! పని త్వరగా తెమలాలని ఇంజనునూ, దాన్ని రెక్కకు పట్టి ఉంచే దూలాన్నీ కలిపి ఒకేసారి దింపి ఎక్కించడంలో లోహం చిట్లింది. మళ్లీ 2025 నవంబరు 4న లూయీవిల్‌లో సరుకుల విమానం ఎం.డి.11కీ లేస్తుండగానే ఇంజను ఊడింది. దానికి 34 ఏళ్లు. ఇంజనును పట్టి ఉంచే భాగంలో అలసట పగుళ్లు కనిపించాయి. వెంటనే తనిఖీలు జరిగేదాకా ఆ రకాన్నీ, దానికి అక్క వరసైన డి.సి.10 రకాన్నీ ఎగరవద్దని అమెరికా ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఒకటి వయసు వల్ల, ఒకటి చేతిపని వల్ల. నాకైతే రెండోదే ఎక్కువ భయం.

మనం ఎక్కేవాటిలో 1990ల మొదట్లో తయారైన 767ల వంటివి కొన్ని ఇంకా ఉన్నాయి. తెలుసుకోవాలంటే కష్టమేమీ లేదు. ఎక్కేముందు విమానం తోక దగ్గర చూడండి, పెద్ద అక్షరాలు ఉంటాయి. మన దేశానిదైతే వి.టి. అనీ, అమెరికాదైతే ఎన్ అనీ మొదలవుతుంది. అది రాసుకుని అబ్బాయికి చెప్పండి. ఏ సంవత్సరంలో పుట్టిందో, ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉండేదో రెండు నిమిషాల్లో ఫోనులో తీసి చెప్పేస్తాడు.