చర్ల దాకా చేరే మందులు

భద్రాచలం ఏజెన్సీలో మనిషి ఉన్నట్టుండి పిచ్చి మాటలు మొదలుపెడితే గాలి సోకిందంటారు, నాటు వైద్యం చేసే వడ్డెను పిలుస్తారు. ఆస్పత్రికి తీసుకొస్తే అనుభవమున్న డాక్టరు ముందు జ్వరం చూస్తాడు, రక్తపరీక్ష చేయిస్తాడు. మలేరియా మెదడుకెక్కినా మనిషి అలాగే మాట్లాడతాడు మరి. నిద్రమందిచ్చి పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది. ఆఫ్రికా ఆస్పత్రుల్లోనూ ఇదే చిక్కు.

మలేరియా కాదని తేలితే, ఏ మందివ్వాలి?

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌ను మానసిక రోగులకు వాడి చూశారు. ఆ తర్వాత చాలా మందులొచ్చాయి. అడవి అంచున మాత్రం రోగంతో పాటు దారినీ చూసి మందు రాయాలి. ఉదాహరణకు లిథియం. ఉద్రేకానికీ, దిగులుకూ మధ్య ఊగిసలాడే రోగులకు మంచి మందే. కానీ మోతాదు కాస్త మించితే విషం. తరచూ రక్తపరీక్ష తప్పదు. కొత్తగూడెం ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని పాలు పెరుగుతుంది. చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేల వాళ్లకు రాయాలంటే చెయ్యి వెనకాడుతుంది.

అలాంటిచోట ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ సూది అక్కరకొస్తుంది. నూనెలో కలిపిన మందు కండలోంచి మెల్లగా ఒంట్లోకి దిగుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తే చాలు, రోజూ మాత్ర మింగించే బాధ ఉండదు. అయితే కొందరికి ఒళ్లు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి. దానికి ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర. అవసరం ఉన్నా లేకున్నా అందరికీ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా, నైజీరియా, ఇథియోపియా ఆస్పత్రుల చీటీలను పరిశీలించినవాళ్లకు అలా రాయడం తరచూ కనిపించింది. ఒకే తరహా మందులు రెండేసి కలిపి రాయడమూ కనిపించింది. ఆ మాత్ర అందరికీ రాయడాన్ని బద్ధకమని కొట్టిపారేయలేం. దవడ బిగిసిన రోగి మళ్లీ గడప తొక్కడని డాక్టరు భయం. కానీ ఆ మాత్రతో నోరెండుతుంది, మరుపొస్తుంది, కొందరికి అలవాటుగానూ మారుతుంది.

వడ్డె సంగతేమిటి? నైజీరియాలో థామస్ లాంబో అనే డాక్టరు 1954లో ‘ఆరో’ అనే పేరున్న ఆస్పత్రి చుట్టుపక్కల పల్లెల్లో రోగులను ఉంచి, నాటు వైద్యులను కూడా కలుపుకొని చికిత్స నడిపాడు. ఏజెన్సీలోనూ, వడ్డె దగ్గరికెళ్లారని గదమాయించడం కన్నా, వచ్చే సూది తేదీ ఆయనకూ చెప్పిరావడం మేలు.

మానసిక రోగులకు అత్యవసర మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి సర్కారు దవాఖానాలన్నిటిలో, ఎప్పుడూ, ఉచితంగా దొరకాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. గోదావరికి ఆ చట్టం తెలియదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అంతటి వరదలో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి సరే, పక్క మండలానికే దారి ఉండదు. సూది నాలుగు రోజులు ఆలస్యమైతే పెద్ద ముప్పు లేదు. మూర్ఛకు వాడే ఫినోబార్బిటోన్ హఠాత్తుగా ఆగితే మాత్రం ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే వానలు ముదరకముందే, జూన్‌లోనే, మూర్ఛ రోగుల ఇళ్లకు రెండు నెలల మాత్రలు చేర్చాలి.