నోటు మీద సంతకం ఎవరిది?

పర్సులోంచి వంద రూపాయల నోటు తీసి చూడండి. దాని మీది సంతకం ఆర్‌బీఐ గవర్నర్‌ది. మరి రూపాయి నోటు మీద? అక్కడ కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. రూపాయి నోటు, నాణేలు ప్రభుత్వానివి. రెండు రూపాయల నుంచి పైనోట్లన్నీ జారీ చేసేది రిజర్వ్ బ్యాంకు.

బ్యాంకు పరీక్షలకు చదివేవారిలో చాలామంది రెపో రేటు ఎంతో టక్కున చెప్పేస్తారు. ‘అది పెరిగితే మీ ఇంట్లో ఏం మారుతుంది?’ అనడిగితే మాత్రం తడబడతారు. అంకె రెండు నెలలకోసారి మారొచ్చు. దాని వెనకున్న లెక్క మారదు. మీరు పట్టుకోవాల్సింది ఆ లెక్కనే.

ఎందుకు పుట్టింది?

బ్రిటిష్ పాలనలో నోట్ల జారీ ప్రభుత్వం చేతిలో ఉండేది. బ్యాంకింగ్ వ్యవహారాల్లో పెద్దన్న పాత్ర 1921లో ఏర్పడిన ఇంపీరియల్ బ్యాంకుది. పగ్గాలు ఇద్దరి చేతుల్లో ఉంటే బండి తిన్నగా నడవదు కదా! కరెన్సీ, పరపతి రెండూ ఒకే సంస్థ చూడాలని 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ సిఫార్సు చేసింది. 1934లో చట్టం వచ్చింది. 1935 ఏప్రిల్ 1న ఆర్‌బీఐ పని మొదలుపెట్టింది.

మొదట్లో అది రూ.5 కోట్ల మూలధనంతో నడిచిన ప్రైవేటు వాటాదారుల బ్యాంకు. కలకత్తాలో ఉన్న కేంద్ర కార్యాలయం 1937లో బొంబాయికి మారింది. 1943లో సి.డి.దేశ్‌ముఖ్ తొలి భారతీయ గవర్నరయ్యారు. 1949 జనవరి 1న బ్యాంకు జాతీయమైంది.

రెపో కథ

బ్యాంకులకు డబ్బు అవసరమైతే ప్రభుత్వ బాండ్లు తాకట్టుపెట్టి ఆర్‌బీఐ దగ్గర స్వల్పకాలిక అప్పు తెచ్చుకుంటాయి. ఆ వడ్డీయే రెపో రేటు. ధరలు మండిపోతుంటే ఆర్‌బీఐ దీన్ని పెంచుతుంది. అప్పులు ఖరీదవుతాయి, కొనుగోళ్లు తగ్గుతాయి, ధరల వేగం నెమ్మదిస్తుంది. అదే సమయంలో ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకున్న మీ విద్యారుణం కూడా భారమవుతుంది. కంపెనీలు విస్తరణను వాయిదా వేస్తే కొత్త ఉద్యోగాలూ తగ్గొచ్చు. అందుకే ఈ నిర్ణయం కత్తిమీద సాము.

2016 నుంచి దీన్ని ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ తీసుకుంటోంది. ముగ్గురు ఆర్‌బీఐ నుంచి, ముగ్గురు ప్రభుత్వం నియమించినవారు. ఓట్లు సమానమైతే గవర్నర్ ఓటే కీలకం. లక్ష్యం 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. వరుసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే ప్రభుత్వానికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. 2022లో అలాగే ఇవ్వాల్సి వచ్చింది.

మనవాళ్లిద్దరు

2003 నుంచి 2008 వరకు గవర్నర్‌గా ఉన్న వై.వి.రెడ్డి, ఆ తర్వాత 2013 వరకు పనిచేసిన దువ్వూరి సుబ్బారావు ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ ఐఏఎస్‌లే. స్థిరాస్తి రుణాలు జోరందుకున్నప్పుడే రెడ్డి నిబంధనలు బిగించారు. సుబ్బారావు బాధ్యతలు తీసుకున్న పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. వడ్డీలు తగ్గించి, వ్యవస్థలోకి డబ్బు వదలడం ఆయన ముందున్న తొలి పరీక్ష అయింది.

మీరు చేరాలంటే

డిగ్రీ పూర్తిచేసినవారికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి గ్రేడ్-బి ఆఫీసర్: రెండు దశల రాతపరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. రెండోదశలో ఆర్థిక, సామాజిక అంశాలు, ఫైనాన్స్-మేనేజ్‌మెంట్, ఇంగ్లిష్ రైటింగ్ ఉంటాయి. మరొకటి అసిస్టెంట్: ప్రిలిమ్స్, మెయిన్స్, ఆపై స్థానిక భాష పరీక్ష. వయసు, మార్కుల నిబంధనలు తాజా నోటిఫికేషన్‌లోనే సరిచూసుకోండి.

ఈసారి పాలసీ ప్రకటన వచ్చిన రోజు రేటు ఒక్కటే రాసుకుని పుస్తకం మూసేయకండి. గవర్నర్ ప్రకటన మొత్తం చదవండి. పెంచారా, తగ్గించారా, అలాగే ఉంచారా, ఎందుకు? సొంత మాటల్లో పది వాక్యాలు రాయండి. ఏడాదికి ఆరుసార్లు ఈ పని చేస్తే ఇంటర్వ్యూ బోర్డు ముందు మాట తడబడదు. లోన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడూ చెయ్యి తడబడదు.