స్వతంత్ర చిత్రకారులు – ఏజెంటు ఆవశ్యకత: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కథలకు, ముఖచిత్రాలకు, పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసేవారిలో కొందరు సంస్థల ఉద్యోగులు; మరికొందరు బొమ్మకింత అని ప్రతిఫలం తీసుకొనే స్వతంత్రులు. 1947 జూలైలో మద్రాసులో ప్రారంభమైన ‘చందమామ’లో చిత్రా, శంకర్ వంటివారు సంస్థలో ఉద్యోగులుగా బొమ్మలు వేశారు. స్వతంత్రులకు అటువంటి ఆశ్రయం ఉండదు. పని వెతుక్కోవడం, ధర మాట్లాడుకోవడం, హక్కులు కాపాడుకోవడం వారి బాధ్యతలే. ఇందుకు ఏజెంటు అవసరమా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. పని లభించే మార్గాలు

లండన్, న్యూయార్క్ వంటి ప్రచురణ కేంద్రాలలో చిత్రకారుల ఏజెన్సీలు చాలాకాలంగా ఉన్నాయి. ఏజెంటు చిత్రకారుల నమూనాలను ప్రచురణ, ప్రకటన సంస్థలకు చూపి, ధర, గడువు, వినియోగ పరిధి నిర్ణయింపజేసి, ప్రతిఫలంలో సాధారణంగా నాలుగోవంతు లేదా అంతకు కొంత ఎక్కువ కమిషన్ తీసుకుంటారు. ప్రకటనల రంగంలో ప్రతిఫలం పెద్దది కనుక ఈ ఏర్పాటు గిట్టుబాటవుతుంది. తెలుగు ప్రచురణరంగంలో సంపాదకులు, రచయితలు చిత్రకారులతో నేరుగా మాట్లాడుకోవడమే పరిపాటి. అచ్చయిన బొమ్మ కింది సంతకమే తరువాతి పనికి సిఫారసు. నేడు ఇన్‌స్టాగ్రామ్, బిహాన్స్ వంటి వేదికలు ఆ పరిచయాన్ని విస్తరింపజేశాయి. కాబట్టి కేవలం పని సంపాదనకు ఏజెంటు అనివార్యం కాదు.

3. హక్కుల సమస్య

అసలు చిక్కు ఒప్పందంలో ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సాధారణంగా కృతికర్తే తొలి హక్కుదారు. అయితే ఒకరు కోరగా ప్రతిఫలానికి వేసిన వర్ణచిత్రం, రూపచిత్రం విషయంలో, భిన్నమైన ఒప్పందం లేకుంటే, వేయించుకున్నవారే తొలి హక్కుదారులవుతారు. నోటిమాట మీద ముఖచిత్రం వేసి ఇచ్చినవారు, అదే చిత్రం మలిముద్రణలోనో ఈ-పుస్తకంలోనో ప్రకటనలోనో కనిపించినప్పుడు అదనపు ప్రతిఫలం అడగడం కష్టమవుతుంది.

హక్కు చిత్రకారులదే అయినప్పుడు, 19వ సెక్షన్ ప్రకారం దాని బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలపరిమితి పేర్కొనకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశంగా పరిగణిస్తారు. హక్కు బదిలీ అయినా, కర్తృత్వాన్ని ప్రకటించుకొనే హక్కు, తమ ప్రతిష్ఠకు భంగం కలిగించే వికృతీకరణను అడ్డుకొనే హక్కు 57వ సెక్షన్ ప్రకారం కృతికర్తకే ఉంటాయి.

4. ముగింపు

ఏజెంటు లేకపోయినా పని దొరుకుతుంది. ఏజెంటు చేయవలసిన పని ఎవరూ చేయకపోతే మాత్రం హక్కు చేజారుతుంది. బొమ్మల సంఖ్య, సవరణల పరిమితి, ప్రతిఫలం, చెల్లింపు గడువు, ఏయే ముద్రణలకు అనుమతి, పేరు ప్రస్తావన, మూలచిత్రం ఎవరిది అనే అంశాలతో ఒక పుట ఒప్పందం పనికి ముందే రాసుకోవడం చిత్రకారులకు తొలి రక్షణ. ప్రకటనలు, విదేశీ ప్రచురణలు, బహుళ వినియోగాల వల్ల ఆ బేరసారాలు తమ శక్తికి మించినప్పుడే ఏజెంటుకు ఇచ్చే కమిషన్ సార్థకమవుతుంది.